రాయి మీద పేరు చెక్కించే ముందు

మీరు అడిగినవి రెండు సంగతులు. సైన్యంలో ఉండగా ప్రాణం పోగొట్టుకున్న మీ ఊరి కుర్రాడికి యువజన సంఘం తరఫున విగ్రహం పెట్టి, ఏటా వర్ధంతి జరపాలనుకుంటున్నారు. అది ఎలా చేస్తే పద్ధతిగా ఉంటుందన్నది మొదటిది. రిటైర్డ్ హవల్దార్ అయిన మీ బాబాయి గారు పోయినేడు ఆ కార్యక్రమానికి వచ్చి, టపాకాయలు పేలగానే లేచి ఇంటికి వెళ్లిపోయారు. అంతకుముందు స్టేజీ మీదికి రమ్మంటే కోప్పడ్డారు. అసలు మాజీ సైనికుల మనసులో ఈ స్మరణ అంటే ఏమిటన్నది రెండోది.

నేను ఇన్‌ఫాంట్రీలో 28 ఏళ్లు చేసి సుబేదార్‌గా దిగాను. మాది పల్నాడు. రిటైరయ్యాక మా చుట్టుపక్కల సైనిక కుటుంబాలకు పెన్షన్ కాగితాలు నింపిపెడుతూ, ఇలాంటి కార్యక్రమాలకు వెళ్తూ ఉన్నాను. రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. అది తెలిస్తే మొదటిదానికి సగం జవాబు మీకే దొరుకుతుంది.

ఫౌజులో సాయంత్రం రోల్‌కాల్ ఉంటుంది. మేం గిన్తీ అంటాం. కంపెనీ మొత్తం ఎంతమంది, అందులో సెలవులో ఎందరు, ఆస్పత్రిలో ఎందరు, కోర్సుకు వెళ్లింది ఎందరు, డ్యూటీలో ఎందరు, ఎదురుగా నిలబడింది ఎందరు. ఈ లెక్క సరిపోవాలి. ఒక్కడు తేడా వచ్చినా ఎవరూ కదలడానికి లేదు. కొత్తలో నాకు భలే విసుగ్గా ఉండేది. వానలో తడుస్తూ, కాళ్లు లాగుతుంటే, లెక్క తేలేదాకా నిలబడాలి. రెండు మూడేళ్లు గడిచాక అర్థమైంది, ఆ లెక్కలో ఉన్నంతకాలం నన్ను ఎవరో ఒకరు వెతుకుతారని. సెలవులో ఊళ్లో ఉన్నా, జ్వరంతో మంచం మీద ఉన్నా, నేను ఆ సంఖ్యలో ఉన్నాను.

మనిషి చనిపోతే కాగితం మీద 'స్ట్రక్ ఆఫ్ స్ట్రెంత్' అని రాస్తారు. బలగం లెక్కలోంచి తీసేశారని అర్థం. మర్నాడు సాయంత్రం గిన్తీ ఒకటి తక్కువతో సరిపోతుంది. ఆ సరిపోవడాన్నే మేం తట్టుకోలేం. ఒకడు లేకుండా లెక్క ఎలా సరిపోయిందని లోపల ఒకటే గొడవ. రిటైరై ఇన్నేళ్లయినా మీ బాబాయి గారి మనసులో ఆ గిన్తీ ఆగి ఉండదు. మాకు స్మరణ అంటే అదే, వాణ్ని మళ్లీ లెక్కలో కలుపుకోవడం. ఏడాదికి ఒక్కసారైనా నంబరు, ర్యాంకు, పేరు పైకి చదివి, వీడు మావాడు, ఇక్కడే ఉన్నాడు అనుకోవడం.

ఢిల్లీలో ఇండియా గేట్ పక్కన 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం చూశారో లేదో. అందులో త్యాగ చక్రం అని ఉంది. గుండ్రంగా తిరిగే గోడలు, వాటి నిండా గ్రానైట్ పలకలు, ఒక్కో పలక మీద ఒక్కో సైనికుడి పేరు. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత పోయినవాళ్లవే 25 వేలకు పైగా ఉన్నాయి. నేను వెళ్లిన రోజున మాజీ సైనికులు కొందరు కనిపించారు. మధ్యలో వెలిగే జ్యోతి దగ్గర ఫొటో దిగి వచ్చేస్తారనుకున్నాను. లేదు, గోడ వెంట వేలు పెట్టుకుని నడుస్తూ వెతుకుతున్నారు. దొరికిన చోట ఆగి ఆ అక్షరాలను తడుముతున్నారు. నేనూ అదే చేశాను. నాది దొరకడానికి నలభై నిమిషాలు పట్టింది. రోజూ సాయంత్రం ఒక సైనికుడి కుటుంబాన్ని పిలిచి, వాళ్ల చేత అక్కడ పూలగుచ్ఛం పెట్టిస్తారు. రోజుకొక్కరికే. నాకు అక్కడ నచ్చింది ఆ పద్ధతి.

నేను వెతికింది ఎవరి పేరో చెప్తాను. అంటే పేరు రాయను, వాళ్లమ్మ ఇంకా ఉన్నారు. గోదావరి వైపు కుర్రాడు. నేను నాయక్‌గా ఉన్నప్పుడు మా సెక్షన్‌లోకి వచ్చాడు. నియంత్రణ రేఖ దగ్గర పోస్టులో షెల్ ముక్క తగిలి పోయాడు. అంతకుమించి ఆ భాగం చెప్పను.

జవాను చనిపోతే అతని సామాను లెక్కగట్టడానికి ఒక బోర్డు కూర్చుంటుంది. ఒక అధికారి, ఇద్దరు ముగ్గురు మనుషులు. ఆ బోర్డులో నేనూ కూర్చున్నాను. నల్ల ట్రంకు పెట్టె, మూత మీద తెల్ల పెయింటుతో వాడే రాసుకున్న నంబరు, ర్యాంకు, పేరు. 'వి' అక్షరం దగ్గర పెయింటు కారితే గుడ్డతో తుడిచిన మరక. లోపల సివిల్ బట్టలు రెండు జతలు, చెల్లెలికి కొన్న కాశ్మీరు శాలువా, పోస్టాఫీసు పాస్‌బుక్కు, సగం అరిగిన సబ్బు, మడత పెట్టిన తువ్వాలు, మాగాయ సీసా. ఒక్కోటీ పైకి చెప్పడం, క్లర్కు రాసుకోవడం. మాగాయ సీసా దగ్గర క్లర్కు పెన్ను ఆపి సాబ్ ముఖంలోకి చూశాడు. తినే వస్తువులు ఇంటికి పంపరు. సాబ్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "లిఖో, అచార్, ఏక్ బోటిల్" అన్నారు. రాయి, పచ్చడి, ఒక సీసా అని. మూత సరిగా లేకపోతే నేనే ప్లాస్టిక్ కవరు చుట్టి దారంతో కట్టాను.

శవపేటికతో పాటు వాళ్ల ఊరికి వెళ్లింది నేనే. అంత్యక్రియలు, తుపాకుల సలామీ, జనం, నినాదాలు అన్నీ అయ్యాయి. రాత్రి ఎనిమిదింటికి ఇల్లు కాస్త ఖాళీ అయ్యాక వాళ్లమ్మ నా దగ్గరికొచ్చి కింద కూర్చుని ఒకటే అడిగారు. "ఆ రోజు వాడు అన్నం తిన్నాడా బాబూ?"

నాకు తెలుసు. పొద్దున లంగర్లో, అంటే మా వంటశాలలో, నాలుగు పూరీలు, ఆలూ కూర తిన్నాడు. ఐదోది కూడా తీసుకుని, డ్యూటీకి టైమైందని నా పళ్లెంలో వేసి పోయాడు. అదే చెప్పాను. ఆవిడ మళ్లీ అడిగారు, నాలుగేనా అని. నాలుగు అమ్మా, కూర కూడా రెండుసార్లు వేయించుకున్నాడు అన్నాను. అప్పుడు ఏడ్చారు. అప్పటిదాకా ఏడవలేదట.

అప్పటి నుంచి వీలైనప్పుడల్లా ఆ తేదీకి వాళ్లింటికి వెళ్తున్నాను. ప్రతిసారీ ఆవిడ అదే అడుగుతారు, నేను అదే చెప్తాను. నాకు తెలిసిన వర్ధంతి ఇదే.

మీ బాబాయి గారిని ఊళ్లోవాళ్లు ఏమడిగి ఉంటారో నేను ఊహించగలను. ఎంతమందిని చంపావు, తూటా ఎక్కడ తగిలింది, నీ కళ్లముందే పోయాడా. ఇవి అడిగితే ఏ ఫౌజీ అయినా లేచి వెళ్లిపోతాడు. వాడు ఎలా ఉండేవాడు, ఏం పాటలు పాడేవాడు, సెలవు దొరికితే ఏం చేసేవాడు అని అడిగి చూడండి. ఆపమన్నా ఆపరు. ఇంకో మాట. చాలామందిమి పైకి చెప్పం కానీ, ఆ రోజు డ్యూటీ మారి ఉంటే అనే ముల్లు లోపల ఉంటుంది. వాడి బదులు నేనుండాల్సింది అన్న లెక్క ఎంత చదువుకున్నా తెగదు. అలాంటి మనిషిని స్టేజీ ఎక్కించి శాలువా కప్పితే, చచ్చిపోయినవాడి ఎదురుగా సన్మానం చేయించుకున్నట్టుంటుంది. మీ బాబాయి గారి కోపం మీ మీద కాదు.

టపాకాయల సంగతి కూడా అంతే. దీన్ని పిరికితనం అనుకోవద్దు. మెదడు ఆలోచించేలోపే ఒళ్లు నేలకు వంగిపోతుంది, అలా ఏళ్ల తరబడి తయారు చేసిన ఒళ్లు అది. రాత్రిళ్లు నిద్ర లేకపోవడం, ఉలిక్కిపడటం ఎక్కువగా ఉంటే ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) పాలీక్లినిక్‌కు తీసుకెళ్లి డాక్టరుకు చెప్పండి. బీపీకి మందు వేసుకున్నట్టే దీనికీ మందు ఉంది, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

బతికి వచ్చినవాడికి ఇంకో బరువు కూడా ఉంటుంది, వాడు సాక్షి. చైనాతో యుద్ధంలో, 1962 నవంబరు 18న లద్దాఖ్‌లోని రెజాంగ్ లా దగ్గర 13 కుమావోన్ బెటాలియన్ చార్లీ కంపెనీ, మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలో దాదాపు చివరి మనిషి దాకా పోరాడింది. 114 మంది పోయారు. ప్రాణాలతో బయటపడిన కొద్దిమంది జరిగింది చెబితే మొదట నమ్మనివాళ్లే ఎక్కువ. తర్వాత, 1963లో, మంచులో బిగుసుకుపోయిన శవాలు దొరికాయి. చాలామంది చేతుల్లో ఆయుధాలు అలాగే ఉన్నాయి. అప్పుడు గానీ వాళ్ల మాట నిజమని లోకం ఒప్పుకోలేదు. ఆ మధ్య నెలలు ఆ బతికినవాళ్లు ఎలా గడిపి ఉంటారని నేను తరచుగా అనుకుంటాను. స్మారకం కట్టేది పోయినవాళ్లకే అనుకుంటాం. అది ఈ సాక్షుల మాటకు నిలబడే రుజువు కూడా.

ఇది మనకు కొత్తగా వచ్చిన ఆచారం కూడా కాదు. రాయలసీమలో, తెలంగాణలో ఊరి చివర పొలాల్లో వీరగల్లులు ఇప్పటికీ కనిపిస్తాయి. కత్తి పట్టిన మనిషి బొమ్మ చెక్కిన రాళ్లు. కొన్ని చోట్ల వాళ్లెవరో మర్చిపోయినా, పసుపు కుంకుమ పెడుతూనే ఉన్నారు. మా కారంపూడిలో కార్తీక అమావాస్యకు మొదలై ఐదు రోజులు పల్నాటి వీరుల ఉత్సవం జరుగుతుంది. ఒక్కో రోజుకు ఒక్కో పేరు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి యుద్ధంలో పోయినవాళ్ల కోసం, ఆచారవంతులు వీరుల కొణతాలను, అంటే వాళ్ల ఆయుధాలను, నాగులేటికి తీసుకెళ్లి స్నానం చేయిస్తారు. మందపోరు నాడు బ్రహ్మనాయుడి పేరు చెప్పి చాపకూడు పెడతారు, కులం అడగకుండా అందరూ ఒకే బంతిలో. చిన్నప్పుడు నాకు అది తిరనాళ్ల సందడి మాత్రమే. రెజిమెంట్‌లో నా మొదటి రైజింగ్ డే (రెజిమెంట్ పుట్టినరోజు) నాడు, పొద్దున స్మారకం దగ్గర పుష్పాంజలి, మధ్యాహ్నం బడాఖానాలో అధికారి నుంచి కొత్త సిపాయి దాకా ఒకే చోట కూర్చుని తినడం చూసి, అరె, ఇది మా కారంపూడి చాపకూడే కదా అనుకున్నాను. పోయినవాణ్ని తలుచుకుని బతికున్నవాళ్లు కలిసి తినడం. మీరు చేసే కార్యక్రమంలో కూడా ఇది తప్పకుండా పెట్టండి. పులిహోర, పెరుగన్నం అయినా చాలు, కానీ వీఐపీలకు వేరే టేబుల్ వద్దు.

ఇక ఎలా చేయాలన్నది.

అన్నిటికంటే ముందు పేరు. మీరు నవ్వుకోవచ్చు కానీ, నేను చూసిన స్మారకాల్లో ఎక్కువ తప్పులు ఇక్కడే. మన దగ్గర ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఫౌజు రికార్డులో అది తారుమారై, ఒక్కోసారి ఇంటిపేరే పేరైపోతుంది. మా బ్యారక్‌లో ఒకణ్ని ఇరవై ఏళ్లు ఇంటిపేరుతోనే పిలిచారు. ఊళ్లో పిలిచే పేరు మూడోది. కాబట్టి రాయి మీద రికార్డులో ఉన్న పేరు, కింద ఊరు పిలిచే పేరు, రెండూ చెక్కించండి. నంబరు తప్పకుండా ఉండాలి. జవాన్ల ఆర్మీ నంబరు చివర ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది, దాన్ని వదిలేయొద్దు. ర్యాంకు, యూనిట్, తేదీ, చోటు. ఇవన్నీ ఇంటివాళ్ల పెన్షన్ కాగితాల్లో చూసుకోండి, జ్ఞాపకం మీద రాయొద్దు. అనుమానం వస్తే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి, లేదా ఆ రెజిమెంట్ రికార్డ్ ఆఫీసుకు ఉత్తరం రాయండి. ఒక ఊళ్లో నేను చూశాను, విగ్రహానికి లక్షలు పోసి యూనిట్ పేరు తప్పు చెక్కించారు. అతని తోటివాళ్లు ఎనిమిది మంది రైల్లో రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చారు. రాయి చదివి ఒకరి ముఖం ఒకరు చూసుకుని మౌనంగా ఉండిపోయారు.

రెండోది, ఎలా పోయాడన్నదాన్ని బట్టి గౌరవం తూచొద్దు. కాగితాల్లో బ్యాటిల్ క్యాజువాల్టీ (పోరులో పోవడం), ఫిజికల్ క్యాజువాల్టీ (మామూలు ప్రమాదంలోనో జబ్బుతోనో పోవడం) అని రెండు రకాలు ఉంటాయి, వచ్చే డబ్బులో తేడా ఉంటుంది. అది ఆఫీసు సంగతి. మీ కుర్రాడు తూటాకు పోయాడా, బండి లోయలో పడి పోయాడా మీరు రాయలేదు. రాయకపోవడమే మంచిదైంది. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మద్రాస్ రెజిమెంట్ పోస్టు మీద మంచు చరియ విరిగిపడి పది మంది పోయారు. వాళ్లలో కర్నూలు జిల్లావాడూ ఉన్నాడు. శత్రువు తూటా ఒక్కటీ పేలలేదు. అయితే ఏం? వాళ్లను అక్కడికి పంపింది ఎవరి కోసం?

విగ్రహం ఆవిష్కరించేటప్పుడు జాతీయ జెండాను విగ్రహం మీద ముసుగులా కప్పొద్దు. ఫ్లాగ్ కోడ్ ఒప్పుకోదు. వేరే గుడ్డ కప్పండి, జెండా పక్కన కర్రకు ఎగరాలి. ఆ ఇంటివాళ్ల దగ్గర పేటిక మీద కప్పి వచ్చిన జెండా ఉంటుంది. దాన్ని తెమ్మని అడగొద్దు. వాళ్లంతట వాళ్లు తెస్తే గౌరవంగా ఒక బల్ల మీద ఉంచండి, చేతులు మారనివ్వొద్దు.

కార్యక్రమం అరగంట దాటొద్దు. పొద్దున ఎండ ముదరకముందే పెట్టుకోండి. కుటుంబం ముందు వరుసలో కుర్చీల్లో, నీడలో. పుష్పాంజలి, బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్, రెండు నిమిషాల మౌనం, ఆ తర్వాత రౌజ్ అనే మేల్కొలుపు బ్యూగిల్. లాస్ట్ పోస్ట్ అసలు చావు పాట కాదు. పాతకాలం నుంచి కంటోన్మెంట్‌లో కాపలాలన్నీ చూసుకున్నాం, రోజు ముగిసింది అని రాత్రి ఊదే పిలుపు అది. నీ డ్యూటీ అయిపోయింది, పడుకో అని చెప్పడం. పిల్లలకు ఈ ఒక్క మాట చెప్పండి, మౌనంలో ఎవరూ కదలరు. బ్యూగిల్ ఊదేవాళ్ల కోసం దగ్గర్లోని ఎన్‌సీసీ యూనిట్‌ను అడిగి చూడండి. దొరక్కపోతే రికార్డింగ్ పెట్టినా తప్పులేదు. డీజే, టపాకాయలు మాత్రం వద్దు.

నాయకులను పిలవొద్దని నేను చెప్పను. వాళ్లు వస్తే రోడ్డు పడుతుంది, బడికి పేరు పెడతారు. గల్వాన్‌లో 2020 జూన్ 15న పోయిన కల్నల్ సంతోష్ బాబుకు సరిగ్గా ఏడాదికి సూర్యాపేటలో విగ్రహం పెట్టారు. నడి కూడలిలో ఉంది కాబట్టి రోజూ వేల మంది చూస్తున్నారు. అది మంచి పనే. కానీ నాయకుడి కోసం కుటుంబాన్ని కూర్చోబెట్టొద్దు. ఒక చోట ఒక తల్లిని రెండున్నర గంటలు ఎండలో కూర్చోబెట్టారు. ఫ్లెక్సీ మీద కొడుకు బొమ్మ కంటే మిగతా బొమ్మలే పెద్దవి. ఆవిడ ఆ ఫ్లెక్సీలో కొడుకు ఎక్కడున్నాడో వెతుక్కోవడం నా కళ్లతో చూశాను. టైమ్ రాసింది ఎనిమిదైతే ఎనిమిదికి మొదలుపెట్టండి, ఎవరొచ్చినా రాకపోయినా.

భార్య చేతికి మైకు ఇవ్వొద్దు, తనంతట తాను అడిగితే తప్ప. ఆవిడ మళ్లీ పెళ్లి చేసుకుని ఉన్నా సరే తల్లినీ, ఆవిడనూ ఇద్దరినీ ఒకే గౌరవంతో పిలవండి. పెన్షన్ ఎవరికి వస్తోంది, డబ్బు ఎంతొచ్చింది అన్న గుసగుసలు ఆ ఆవరణలో వినపడకూడదు. ఆ పని మీ సంఘం కుర్రాళ్లే చూసుకోవాలి. ఏడాదిలో మిగతా రోజుల్లో కూడా ఒకరు వెళ్లి గ్యాస్ బుక్ చేయాలా, లైఫ్ సర్టిఫికెట్ పెట్టాలా అని అడిగి వస్తుండండి. తల్లి గారికి పెన్షన్ వస్తుంటే ఆ సర్టిఫికెట్ ఏటా ఇవ్వాల్సిందే. చాలా ఇళ్లలో అది ఆగిపోయి పెన్షన్ నిలిచిపోతుంది.

మీ బాబాయి గారికి స్టేజీ వద్దు, సన్మానం వద్దు. ఒక కాగితం మీద ఆ కుర్రాడి నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ రాసి ఆయన చేతికిచ్చి, బాబాయ్, మౌనానికి ముందు ఇది నువ్వే చదవాలి, మాకు రోల్‌కాల్ పలకడం రాదు అని చెప్పండి. ఆయన తనవాళ్లవి ఇంకో రెండు పేర్లు కలుపుతానంటే కలపనివ్వండి, ఎవరని అడగొద్దు. రానంటే బలవంతం చేయొద్దు. మర్నాడు పొద్దున ఎవరూ లేనప్పుడు ఆ రాయి దగ్గరికి ఆయనే వెళ్లొస్తారు. నేను చాలామందిని అలా చూశాను.

రాతి మీద చెక్కించే మాటలు ఖాయం చేసుకున్నాక శిల్పికి ఇచ్చే ముందు నాకొకసారి పంపండి. నంబరు, యూనిట్ స్పెల్లింగ్ చూసి చెప్తాను. వచ్చే వారం మాత్రం నాలుగు రోజులు ఫోన్ ఎత్తను, గోదావరి వైపు వెళ్తున్నాను.